పాటా? మాటా?

కిందటి నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, నాకు రెండు చెవులూ సరిగా వినబడవనీ, నాలాంటివాళ్లం నెలకోసారి ఒకచోట కలుస్తామనీ మాటవరసకు రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు అంతకుముందు ఏడాది మొత్తంలో రాలేదు. అందుకని ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి వీటినే తీసుకున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు. వేయొద్దని అడిగినవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మేడమ్, నాకు 46 ఏళ్లు. అకౌంట్స్ విభాగంలో పని చేస్తాను. ఆరేళ్లుగా వినికిడి తగ్గుతూ వస్తోంది. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకున్నాను. ఎదురుగా ఒక్కరే కూర్చుని మాట్లాడితే ఫర్వాలేదు. నలుగురు చేరారంటే అంతా కలగాపులగం. అందుకే నలుగురున్న చోటికి వెళ్లడం మానేశాను. మా ఆవిడ మీ జవాబు చూపించి 'మీరూ అలాంటి చోటికి వెళ్లండి' అంటోంది. నా డౌట్ ఒక్కటే. వినబడేవాళ్ల మధ్యే నాకేమీ వినబడట్లేదు. పదిమంది చెవిటివాళ్లు ఒక గదిలో కూర్చుంటే ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? అక్కడికి వెళ్లి నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరాన్ని మొన్నటి మీటింగులో తెర మీద వేసి చూపించాను. మీ పేరు తీసేశాను లెండి. ఆ రోజు పద్నాలుగు మందిమి ఉన్నాం. చదవడం పూర్తయినవాళ్లు పూర్తయినట్టు నవ్వడం మొదలుపెట్టారు. ఎగతాళి అనుకోకండి. మాలో ప్రతి ఒక్కరూ మొదటిసారి ఆ గుమ్మం దగ్గర నిలబడి అనుకున్నది అదే.

నిజానికి ఆ గదిలో నాకు వినబడినంత బాగా ఇంకెక్కడా వినబడదు. అక్కడికి వెళ్లగానే చెవులు బాగైపోవు. కాకపోతే అక్కడ ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో అందుకోరు. మా దగ్గర ఎర్ర స్కేలు ఒకటి ఉంది, పిల్లలు గీతలు గీసుకునేది. అది ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది, అందరి కళ్లూ వాళ్ల మొహం మీద. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోరు. తల వంచుకుని మాట్లాడరు. ఎవరైనా 'అందలేదు' అంటే విసుక్కోకుండా మళ్లీ చెబుతారు. వినబడేవాళ్ల గదుల్లో ఈ మర్యాదలేవీ ఉండవు. పాపం, వాళ్లకు వాటి అవసరం పడలేదు.

నా సంగతి చెబుతాను. నేను స్టెనోగ్రాఫర్‌ని. పై అధికారి చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైప్ చేసివ్వడం, 22 ఏళ్లు అదే పని. వినడానికే నాకు జీతం ఇచ్చేవారు. 41వ ఏట నా నోట్‌బుక్కులో ఖాళీలు కనబడసాగాయి. వాక్యం మధ్యలో ఒక మాట జారిపోయేది. ఊహించి నింపేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్పే బదులు తల ఊపడం నేర్చుకున్నాను. ఎదుటి మనిషి కనుబొమలు లేస్తే నేనూ ఆశ్చర్యపోవడం, నవ్వితే నవ్వడం, ఆగితే 'అవునవును' అనడం. మీకూ ఈ విద్య వచ్చే ఉంటుంది. ఆరేళ్లంటే డిగ్రీ చేతికొచ్చి ఉంటుంది.

అప్పట్లో ఆఫీసులో ఒకాయన రిటైరవుతున్నారు. సభకు వారం ముందు మా సెక్షన్ అమ్మాయి వరండాలో ఎదురై ఏదో అడిగింది. 'మీరు కూడా ఒక మాట' అన్నట్టు పెదాలు కదిలాయి. ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పమంటోంది కాబోలనుకుని అలవాటుగా తల ఊపేశాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నాలుగు ముక్కలకు ఇంత సంతోషం దేనికా అని కూడా నాకు తట్టలేదు. ఇంటికెళ్లి బాగానే రాసుకున్నాను, బట్టీ కూడా పట్టాను. సభలో నా పేరు పిలిచారు. లేచి నిలబడి 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టాను. ముందు వరసలో నవ్వులు. పక్కకు చూద్దును కదా, కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని ఒక కుర్రాడు నేను ఎత్తుకుంటానని ఎదురుచూస్తున్నాడు. ఆ అమ్మాయి అడిగింది మాట కాదు, పాట.

మీరొకసారి అద్దం ముందు నిలబడి, గొంతు రానివ్వకుండా పాట, బాట, మాట అని చూడండి. పెదాలు మూడింటికీ ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. ప, బ, మ ల మధ్య తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, బయటికి కనబడదు. క, గ అయితే పెదాల దాకా రానే రావు. పెదాలు చదవడమంటే కొంత చూడటం, మిగతాదంతా జూదం. ఇది నాకు తెలియడానికి గ్రూపుకి వెళ్లాల్సి వచ్చింది. అంతదాకా నా బుర్రే మొద్దుబారిందనుకున్నాను.

ఆ పాట గోల ఇంట్లో కూడా చెప్పుకోలేదు. మూడేళ్ల తరవాత మొదటిసారి గ్రూపుకి వెళ్లినప్పుడు, స్కేలు నా చేతికి వస్తే, ఎందుకో అదే చెప్పాను. ఎదురుగా ఒక రిటైర్డ్ డ్రైవరు గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తరవాత స్కేలు తీసుకుని తన కథ చెప్పారు. ఇంటికి రంగులేసే మనిషి ఏదో అడిగితే ఆయనా నాలాగే తల ఊపారట. సాయంత్రానికి పడకగది నాలుగు గోడలూ చిలకాకుపచ్చ. 'ఇప్పటికీ అందులోనే పడుకుంటున్నానమ్మా' అన్నారు. ఆ రోజు నేను ఎంత నవ్వానో! అంత నవ్వి ఎన్నేళ్లయిందో నాకు గుర్తులేదు. అందరూ నవ్వారు కదా అని నవ్విన నవ్వు కాదు, మాట అంది నవ్విన నవ్వు.

మీ మిషన్ల గురించి కూడా ఒక మాట. నలుగురిలో వినబడకపోవడం మీ తప్పు కాదు, చాలాసార్లు మిషన్ తప్పూ కాదు. ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టుకునే సూక్ష్మమైన రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. పోయినవి మనుషుల్లో తిరిగి మొలవవు. మిషన్ శబ్దాన్ని పెంచగలదు గానీ, గోలలోంచి మాటను విడదీసే పని చాలావరకు ఆ కణాలూ మెదడూ చేయాలి. అందుకే మాట్లాడే మనిషి ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంటే మిషన్ బాగా పనికొస్తుంది, దూరం పెరిగినకొద్దీ, చుట్టూ గోల పెరిగినకొద్దీ చేతులెత్తేస్తుంది. మిగిలిన ఖాళీలను మెదడు రోజంతా నింపుతూ కూర్చుంటుంది. సాయంత్రానికి మీకు ఊరికే చిరాకు, తలనొప్పి, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం ఉన్నాయా? ఉత్తరంలో రాయలేదు గానీ ఉండే ఉంటాయి. అది అలసట. చెవులతో బరువులు మోసిన అలసట.

ఇలా ఒకచోట చేరాలన్న ఆలోచన మాది కాదు. అమెరికాలో హోవర్డ్ స్టోన్ అనే ఆయన, అందరూ రాకీ అనేవారు, సీఐఏలో పనిచేసి రిటైరై, 1979లో వినికిడి తగ్గినవాళ్ల కోసం 'సెల్ఫ్ హెల్ప్ ఫర్ హార్డ్ ఆఫ్ హియరింగ్ పీపుల్' పెట్టారు. ఇంగ్లిష్‌లో ఆ పేరు మొదటి అక్షరాలు కలిపితే 'ష్' అని వస్తుంది, వేలు పెదాల మీద పెట్టి అన్నట్టు. ఇప్పుడు దాని పేరు హియరింగ్ లాస్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా. గూఢచారి సంస్థలో పనిచేసినాయనకు చెవులు సరిగా వినబడకపోవడం ఎలా ఉండేదో నాకు ఊహకందుతుంది. స్టెనోగ్రాఫర్‌ని కదా.

ఏం చేయాలని అడిగారు. మొదటి రోజు ఏమీ చేయక్కర్లేదు, స్కేలు వస్తే పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చు. మా దగ్గర నేర్చుకున్న కిటుకు ఒకటి చెబుతాను, ఆఫీసులో రేపే వాడి చూడండి. వినబడనప్పుడు 'ఆఁ? ఏంటి?' అనకండి. అలా అంటే ఎదుటివాళ్లు మొత్తం మొదటి నుంచి, ఇంకా గట్టిగా, ఇంకా విసుగ్గా చెబుతారు. మీకు అందినదాన్ని తిరిగి చెప్పి, అందనిది అడగండి. 'శుక్రవారం మీటింగు అన్నారు, ఎన్నింటికి?' అప్పుడు వాళ్లు ఒక్క మాట చెబితే సరిపోతుంది. మీరు వింటున్నారని కూడా వాళ్లకు తెలుస్తుంది. ఒకసారి వెళ్లి నచ్చలేదని మానేయకండి, రెండోసారి కూడా వెళ్లండి. మొదటిసారి టెన్షన్‌లో ఎవరికీ ఏమీ వినబడదు.

ప్రశ్న: అక్కా, మా వారికి 61 ఏళ్లు. చెవుడు ఉందంటే ఒప్పుకోరు. నాకు మాత్రం అది చెవుడు కాదేమోనని అనుమానం. ఆయన స్నేహితుడు ఫోన్ చేస్తే అరగంట కబుర్లు చెబుతారు. నేను పక్క గదిలోంచి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. మనవరాలు ఏదైనా అడిగినా అంతే. కావలసినవి మాత్రం వినబడే చెవుడు ఉంటుందా?

జవాబు: ఉంటుంది చెల్లీ, కానీ ఎంచుకునేది ఆయన కాదు, ఆయన చెవి.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో సన్నటి శబ్దాలు ముందు పోతాయి, లావు శబ్దాలు మిగులుతాయి. మాటలో అచ్చులు లావుగా, బలంగా ఉంటాయి. స, శ, ఫ లాంటి హల్లులు సన్నగా, బలహీనంగా ఉంటాయి. మాటకు అర్థాన్నిచ్చేది ఎక్కువగా ఆ హల్లులే. అందుకే ఈయనకు మీరు మాట్లాడారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. స్నేహితుడిది మగ గొంతు, పైగా ఫోన్ చెవికి ఆనించి ఉంటుంది, పక్కన ఇంకే శబ్దమూ లేదు. మీది, మనవరాలిది సన్న గొంతు, మధ్యలో గోడ, బహుశా మీ పక్కన కుళాయి తిరుగుతూ ఉంటుంది. ఇన్ని తేడాలు పెట్టుకుని నటన అంటే ఎలా?

ఒక వారం పాటు పక్క గదిలోంచి పిలవడం మానేయండి. ఎదురుగా వచ్చి, ఆయన మీ మొహం చూశాక మొదలుపెట్టండి. అరవకండి, అరిస్తే అచ్చులే పెరుగుతాయి. వారం తరవాత తేడా కనబడితే, దాన్నే చూపించి పరీక్షకు తీసుకెళ్లండి. మీరూ లోపలికి వెళ్లండి. ఆడియోగ్రామ్ అనే గ్రాఫ్ ఇస్తారు. వయసుతో వచ్చిన లోపమైతే సాధారణంగా ఆ గీత ఎడమ వైపు, లావు శబ్దాల దగ్గర, పైన మొదలై కుడి వైపు సన్నటి శబ్దాలకు వచ్చేసరికి జారుడుబల్లలా దిగుతుంది. మా గ్రూపులో ఒకావిడ తన భర్త ఆడియోగ్రామ్ చూసిన రోజున, పన్నెండేళ్లుగా ఆయనతో పడ్డ తగాదాలన్నీ ఆ గీత మీదే కనబడ్డాయని చెప్పింది.

ఆయన్ను గ్రూపుకి రమ్మని ఇప్పుడే అడగకండి. చెవుడే ఒప్పుకోని మనిషి చెవిటివాళ్ల గుంపులోకి వస్తాడా? మన సామెతల్లో చెవిటివాడికి ఒక్క మంచి వేషం కూడా దక్కలేదు. శంఖం ఊదేది వాడి ముందే, నవ్వులపాలయ్యేదీ వాడే. ఆ మాట ఒంటికి అంటకూడదని మీ వారు పారిపోతున్నారు, నేనూ ఏళ్ల తరబడి పారిపోయాను.

ప్రశ్న: నమస్కారం. నాలుగు రోజుల క్రితం నిద్ర లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయినట్టుంది, లోపల హోరు. నొప్పి లేదు. గులిమి అయ్యుంటుందని చుక్కలు వేసుకుంటున్నాను. మీ గ్రూపులో ఎవరికైనా ఇలా తగ్గిందా?

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే ఆయనకు జవాబు పంపాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాను. ఒక్క చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినబడటం మానేస్తే అది గ్రూపులో అడిగే ప్రశ్న కాదు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గులిమే అయితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. లోపలి చెవి దెబ్బతిని ఉంటే స్టెరాయిడ్ మందు ఇస్తారు, అది ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఆశ. రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. 'చూద్దాంలే, తగ్గుతుందిలే' అని మూడు వారాలు ఆగినవాళ్లు మా గ్రూపులో ఇద్దరున్నారు.

ప్రశ్న: అమ్మా, నా వయసు 52. ఇన్‌ఫెక్షన్ వల్ల రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. మీలాంటి గ్రూపు మా దగ్గర లేదు. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఇలాంటిదాన్ని నేనొక్కదాన్నే. నేనే ఒకటి మొదలుపెడితే ఎలా ఉంటుందంటారు? ఏమేం కావాలి?

జవాబు: మీరొక్కరే అంటే నేను నమ్మను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఎంతో కొంత వినికిడి లోపం ఉన్నవాళ్లు ప్రపంచంలో 150 కోట్లకు పైనే, అంటే ఐదుగురిలో ఒకరు. వాళ్లలో వైద్యమో మిషనో కావలసినంత లోపం ఉన్నవాళ్లు 43 కోట్లు. మీ చుట్టుపక్కల వాళ్లు లేక కాదు, తల ఊపుతున్నారు.

మొదలుపెట్టండి. మా మొదటి మీటింగుకి వచ్చింది ముగ్గురట, అందులో ఒకాయన గది తలుపు తీయడానికి వచ్చిన వాచ్‌మన్. కబుర్లలో పడితే తేలిందేమిటంటే ఆయనకూ ఒక చెవి వినబడదు. ఇప్పటికీ వస్తాడు.

అన్నిటికంటే ముందు గది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పెద్ద హాలు వద్దు, నున్నటి గోడలూ గచ్చూ ఉంటే మాట ప్రతిధ్వనించి బురద బురదగా వినబడుతుంది. చిన్న గది, తెరలు, కింద చాప లేదా తివాచీ, పుస్తకాల అరలుంటే ఇంకా మంచిది. మేము కలిసేది ఒక గ్రంథాలయం వెనక గదిలో. వెళ్లగానే చప్పుడు చేసే ఫ్యాను ఆపేస్తాం. ఉక్కపోసినా సరే, మాట ముఖ్యం. కుర్చీలు వరసలుగా వేయకండి, గుర్రపు లాడంలా వేయండి, ప్రతి మొహం ప్రతివాళ్లకూ కనబడాలి. కిటికీకి వీపు పెట్టి ఎవరినీ కూర్చోబెట్టొద్దు. వెనక వెలుగు ఉంటే మొహం నీడలో పడి పెదాలు కనబడవు. మా గ్రూపులో ఒకాయనకు పై పెదవి మొత్తం కప్పేసే మీసాలుండేవి. ఎవరూ ఏమీ అనలేదు. మూడో మీటింగుకి ఆయనే కత్తిరించుకుని వచ్చారు. ఆయన పెదవిని అప్పుడే చూశానని వాళ్లావిడ కూడా అందట.

తరవాత తెర. ఇది లేకపోతే మీలా బాగా తగ్గినవాళ్లు రెండోసారి రారు. ఎవరైనా వినబడే మనిషి ల్యాప్‌టాప్‌లో చెప్పింది చెప్పినట్టు టైప్ చేస్తుంటే గోడ మీద పెద్ద అక్షరాల్లో కనబడాలి. నా టైపింగ్ నిమిషానికి 60 మాటలు దాటేది. ఏం లాభం, వినబడితే కదా! మాకు టైప్ చేసేది సభ్యుల పిల్లలు, భార్యలు, భర్తలు. ఒకరు ఇరవై నిమిషాలకు మించి చేయలేరు, వేళ్లు కాదు, బుర్ర అలసిపోతుంది. మనిషి దొరక్కపోతే ఫోన్‌లో మాటను అక్షరాలుగా మార్చే యాప్‌లున్నాయి. గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ 2019లో వచ్చింది, తెలుగులో కూడా పనిచేస్తుంది. ఒక మనిషి దగ్గరగా మాట్లాడితే బాగానే రాస్తుంది. నలుగురు కలిస్తే అది కూడా మనలాగే తల ఊపుతుంది, ఏదో ఒకటి రాసేస్తుంది. ఒకసారి మా పెద్దాయన 'మా తమ్ముడికి మోకాలు' అంటే అది ఏం రాసిందో ఇక్కడ వేయలేను. ఆయన మాత్రం ఆ స్క్రీన్ ఫొటో తీసి దాచుకున్నారు.

ఆడిటోరియంలాంటిది దొరికితే అక్కడ ఇండక్షన్ లూప్ ఉందేమో అడగండి. గది చుట్టూ వేసిన తీగలోంచి మైకులో మాట నేరుగా మిషన్‌లో ఉండే టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్టకి అందుతుంది, మధ్యలో గదిలోని గోల రాదు. చెవి బొమ్మ, పక్కన ఇంగ్లిష్ 'టీ' అక్షరం ఉన్న బోర్డు చూస్తే అది ఉందని గుర్తు. అయితే మిషన్లన్నిట్లోనూ టీ-కాయిల్ ఉండదు, ఉన్నవాళ్లలో చాలామందికి ఉన్నట్టు తెలియదు. నాకూ నాలుగేళ్లు తెలియదు.

రానివ్వకూడనిది ఒకటుంది. అమ్మకాలు. మిషన్లు అమ్మేవాళ్లు ఉచితంగా మాట్లాడతామని వస్తారు. మొదటి ఆరు నెలలు ఎవరినీ పిలవకండి. ఎవరికి ఏ మిషన్ నప్పుతుందో సభ్యులు కూడా చెప్పకూడదు, మీ చెవి నా చెవి కాదు. కానీ వాడకం గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు: చెవిలో పెట్టుకునే మోల్డు ఒరుసుకుంటే ఏం చేశారు, చెమటకు పాడవకుండా రాత్రి ఎలా దాచుతారు, టోపీ పెట్టుకుంటే కీచుమంటే ఏం చేస్తారు. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం, చేయించుకోవాలా వద్దా అని మా ఒకావిడ ఏడాది తేల్చుకోలేకపోయింది. డాక్టర్ అన్నీ చెప్పారు. చివరికి ఆమె అడిగింది మాత్రం ఇంప్లాంట్ ఉన్న ఇంకో సభ్యురాలిని, 'స్విచ్ వేసిన మొదటి రోజు మీ అబ్బాయి గొంతు ఎలా ఉంది?' అని. 'రేకు డబ్బాలోంచి ఎలక మాట్లాడినట్టుంది. ఇంటికొచ్చి ఏడ్చాను. మూడు నెలలకు అది మా అబ్బాయి గొంతయింది' అంది ఆమె. ఆ జవాబు ఏ కరపత్రంలోనూ ఉండదు.

తేదీ ఏదైనా పెట్టుకోండి. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం, ఆ రోజున మొదలుపెడితే నలుగురి దృష్టిలో పడుతుంది. అంకెల్లో రాస్తే 3, 3 కదా, రెండు చెవుల్లా ఉంటాయి. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుల గోడ మీద ఒక కాగితం అంటించండి. ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, మెసేజ్ చేయమని రాయండి. మొదటి కాగితం మీద నేను 'వివరాలకు ఫోన్ చేయండి' అని రాశాను. ఎవరికి చేయమనో, ఎవరు ఎత్తుతారనో!

ప్రశ్న: ఆంటీ, నాకు 27. మీ గ్రూపుల్లో సైగల భాష రాకపోతే రానిస్తారా?

జవాబు: మా పద్నాలుగు మందిలో సైగల భాష వచ్చినవాళ్లు ఇద్దరే. పుట్టుకతోనో పసితనంలోనో వినికిడి లేనివాళ్లలో చాలామందికి అదే సొంత భాష, వాళ్ల సమాజం వేరు, దానికి దాని సంస్కృతి ఉంది, వాళ్ల ప్రపంచ సమాఖ్య 1951 నుంచీ ఉంది. మనం మాటలతో పెరిగి మధ్యలో చెవులు పోగొట్టుకున్నవాళ్లం. అటూ కాదు, ఇటూ కాదు. ఇలాంటి పెద్దవాళ్ల కోసమే 1987లో షికాగోలో ఆల్డా అనే సంఘం పుట్టింది. వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది: సైగ, రాత, పెదాలు, మాట, ఏది పనిచేస్తే అది. మీకు 27 అంటున్నారు, నేర్చుకుంటే పోయేదేముంది? నేను 50లో మొదలుపెట్టి అక్షరాల దగ్గరే ఆగిపోయాను. మీ వయసువాళ్లు మా గ్రూపులో ఇద్దరే ఉన్నారు, మూడో మనిషి వస్తే వాళ్లు ఎగిరి గంతేస్తారు.

ప్రశ్న: మేడమ్, ఇది ప్రశ్న కాదు, ఫిర్యాదు. మా నాన్నగారు నాలుగు నెలలుగా మీ గ్రూపుకే వస్తున్నారు. అంతకుముందు ఇంట్లో ఒక మూల కూర్చుని ఎవరేం చెప్పినా 'సరేనమ్మా' అనేవారు. ఇప్పుడు ప్రతిదానికీ 'నా వైపు తిరిగి చెప్పు', 'టీవీ ఆపి చెప్పు', 'ఇద్దరూ ఒకేసారి మాట్లాడొద్దు'. నిన్న రాత్రి అందరం కూర్చుని నవ్వుకుంటుంటే, ఎందుకు నవ్వుతున్నారో చెప్పేదాకా వదల్లేదు. 'ఏం లేదు నాన్నా, తరవాత చెబుతా' అన్నానని కోపం కూడా వచ్చింది. మునుపే నయం అనిపిస్తోంది. మీరే ఏమైనా నూరిపోస్తున్నారా?

జవాబు: నూరిపోశామమ్మా, ఒప్పుకుంటున్నాను.

మునుపు ఆయన 'సరేనమ్మా' అన్నది మీ మాటకు కాదు. మీ పెదాలు ఆగాయి కాబట్టి. మీకు ప్రశాంతంగా ఉండేది, ఆయన మాత్రం ఆ ఇంట్లో లేరు.

హ్యారియట్ మార్టినో అని ఇంగ్లండు రచయిత్రి ఉండేవారు. చిన్నతనం నుంచే వినికిడి తగ్గి, బాకాలాంటి గొట్టం చెవికి పెట్టుకుని వినేవారు. ఆవిడ 1834లోనే తన తోటి చెవిటివాళ్లను ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశారు. తోటివాళ్లతో బాధ పంచుకోవాలన్న ఆలోచన అంత పాతది. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. ఒక్క విషయంలో మాత్రం పేచీ. చుట్టూ ఉన్నవాళ్లకు ఇబ్బంది కాకూడదని, ఎవరేమన్నారో ఎన్నడూ అడగకూడదని ఆవిడ నియమం పెట్టుకున్నారు. మా గ్రూపులో దీని మీద ఒక పూట వాదించుకున్నాం. మీ నాన్నగారు అప్పుడు స్కేలు చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరుకున్నారు. 'తరవాత చెబుతా అన్న మాటల్లో ఒక్కటీ తరవాత చెప్పలేదు' అన్నారు. అంతే అని స్కేలు పక్కకిచ్చేశారు.

మీరు చెడ్డవారని కాదు. నవ్వులో మళ్లీ చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మళ్లీ చెబితే జోకు చచ్చిపోతుంది. అయినా చచ్చిన జోకే చెప్పండి, మాకు అదీ చాలు. పూర్తిగా చెప్పే ఓపిక లేకపోతే ఒక్క ముక్క చెప్పండి. 'బాబాయి చెప్పులు మారిపోయిన కథ' అంటే ఆయన దారి ఆయన వెతుక్కుంటారు. దేని గురించో తెలిస్తే సగం వినబడినట్టే. అలాగే ఆయనకు కూడా నేను చెబుతాను, ఇంట్లోవాళ్లకూ అలసట ఉంటుందని, రాత్రి పదింటికి టీవీ ఆపి ఉపన్యాసం చెప్పించుకోవద్దని. నాలుగు నెలల కొత్త ఉత్సాహం ఇది, కాస్త తగ్గుతుంది. నేను ఆ రోజుల్లో బస్సు కండక్టరుతో కూడా పోట్లాడాను, నా వైపు తిరిగి మాట్లాడమని.

మీరు బాగా టైప్ చేస్తారని నాన్నగారు చెప్పారు. రెండో ఆదివారం మాకు టైప్ చేసే అమ్మాయి పరీక్షలకు వెళుతోంది. పదిన్నరకల్లా రాగలరా? మెసేజ్ పెట్టండి, ఫోన్ మాత్రం చేయకండి.